ఏ రాయి దుమ్ము

జూలై 3

నాన్నా,

నిన్న ఫోన్‌లో నాలుగు మాటలకే నీకు దగ్గొచ్చింది. నర్సు ఫోన్ లాక్కుని "ఇంక చాలమ్మా" అని పెట్టేసింది. అందుకే రాస్తున్నా. నా తెలుగు స్పెల్లింగులు చూసి నవ్వకు. నవ్వితే మళ్ళీ దగ్గొస్తుంది, ఆ నర్సు నన్నే తిడుతుంది.

అసలు విషయం ఏంటంటే, ఈరోజు ట్రక్ తాత వచ్చాడు. అత్త డ్రిల్లింగ్ క్యాంపు నుంచి రెండు చెక్కపెట్టెలు దించాడు. "మీ నాన్న ఏడమ్మా?" అన్నాడు. "స్నానం చేస్తున్నాడు" అన్నా. కిందటివారం కూడా స్నానమే అన్నానని తర్వాత గుర్తొచ్చింది. "మీ నాన్నకి ఈమధ్య శుభ్రం బాగా ఎక్కువైందే" అనేసి వెళ్ళిపోయాడు. నేను తలుపు గడియ పెట్టేసుకున్నా.

పెట్టెల నిండా డ్రిల్లుతో తవ్వి తీసిన రాతి కడ్డీలు. పైన అత్త చీటీ. "అన్నయ్యా, ఎర్ర గుర్తు పెట్టినచోట కోసి మైక్రోస్కోప్ స్లైడ్లు చెయ్యి. ట్రక్ మళ్ళీ వచ్చినప్పుడు ఇచ్చి పంపు. ఈ కొండమీద సిగ్నల్ లేదు, టీ బాలేదు, మనిషన్నవాడు లేడు. నీ స్లైడ్లుంటే చాలు." అంతే.

ఇప్పుడు ఏం చెయ్యాలి? నువ్వు ఆస్పత్రిలో ఉన్న సంగతి అత్తకి చెప్పొద్దన్నావు. స్లైడ్లు వెళ్ళకపోతే ఆవిడే కొండ దిగి వచ్చేస్తుంది. షెడ్డు తాళంచెవి బియ్యం డబ్బాలో ఉందని నాకు తెలుసు. నువ్వు నన్ను లోపలికి రానివ్వకపోయినా, వంటింటి కిటికీలోంచి నువ్వు చేసేదంతా చూస్తూనే ఉండేదాన్ని. నేను చేస్తే?

మేడమీద టైలరాంటీ మన ఇంట్లోనే పడుకుంటోంది. ఆవిడ గురక ముందు నీ దగ్గు ఏ మూలకి? ఇంకోటి. ఆస్పత్రిలో డాక్టరు మన టైలరాంటీతో మాట్లాడుతుంటే తలుపు చాటునుంచి విన్నా. "ఈ వానలు గడిస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. గడిస్తే అంటే ఏంటి నాన్నా? ఆంటీని అడగలేదు. నిన్నూ అడగట్లేదు, ఊరికే రాశా.

నీ పిల్లి


జూలై 7

పిల్లికి,

తలుపు చాటునుంచి వినడం మానవు కదా. అడుగుల చప్పుడు లేకుండా తిరుగుతావని పిల్లి అన్నా, చెవులు కూడా పిల్లివే అనుకోలేదు. డాక్టర్లు వానల గురించి మాట్లాడితే పట్టించుకోకు, వాళ్ళు వాతావరణశాఖ కాదు.

ఆ షెడ్డులోకి నువ్వు అడుగుపెట్టకూడదన్నది నేను పెట్టిన రూలే. ఇప్పుడు నేనే తీసేస్తున్నా. సిగ్గుగా ఉంది. కాబట్టి నేను చెప్పినట్టు చెయ్యి, నీ సొంత తెలివి వద్దు.

నీళ్ళ పైపు తిప్పకుండా రంపం ఆన్ చెయ్యకు. చక్రం మీద నీళ్ళు పడుతున్నాయో లేదో కళ్ళతో చూశాకే రాయి పెట్టు. మాస్కు తియ్యకు. ముక్కు దురద పెట్టినా తియ్యకు. కోసిన ముక్కని ఒకవైపు నునుపు చేసి గాజుపలక మీద అతికించు. అతుకు గట్టిపడ్డాక మిగతాది కోసెయ్యి. అప్పుడు దళసరి అద్దం మీద గరుకు పౌడరూ నీళ్ళూ వేసి, ఎనిమిది అంకె రాస్తున్నట్టు తిప్పుతూ అరగదియ్యి. ముప్పై మైక్రాన్ల దాకా రావాలి. నీ జడలో వెంట్రుక ఒకటి దానికి రెండింతలు లావుంటుంది. అది కొలవడానికి స్కేలేమీ లేదు. రాయిలో ఉన్న పలుగురాయి, మీ అత్త క్వార్ట్జ్ అంటుందే, అదే స్కేలు. మైక్రోస్కోప్‌లో రెండో ఫిల్టర్ అడ్డంగా పెట్టి చూడు. పలుగు గింజలు పసుపుగా కనిపిస్తే ఇంకా మందంగా ఉన్నట్టు. బూడిదరంగులోకి రాగానే చెయ్యి తీసెయ్. ఆ తర్వాత ఇంకో రెండు తిప్పులు తిప్పావంటే రాయి ఉండదు, ఉత్త గాజు మిగులుతుంది.

అత్తకి ఎందుకు చెప్పొద్దన్నానో చెబుతా విను. తెలిస్తే ఆ పని మధ్యలో వదిలేసి వచ్చేస్తుంది. ఏళ్ళ తరబడి కొండలోకి డ్రిల్లు దించే ఆ ఒక్క రంధ్రం కోసం తిరిగింది. ఇంకో కారణం కూడా ఉంది, అది నీకు అనవసరం.

పక్క మంచం ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే లేచి వార్డంతటినీ "ఊపిరి పీల్చు, వదులు" అంటాడు. పీల్చగలిగితే ఇక్కడెందుకుంటామయ్యా అన్నా. మార్కులు తగ్గించేశాడు.

నాన్న


జూలై 19

నాన్నా,

ఇన్నాళ్ళూ నాకు ఇది ఎందుకు చూపించలేదు?

నేను చేసిన మొదటి స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టా. మామూలుగా చూస్తే మాసిన ప్లాస్టిక్ కవర్లా ఉంది. రెండో ఫిల్టర్ పెట్టగానే... నాకు రాయడం రావట్లేదు. కాకిబంగారం, అదే అభ్రకం, ఉంది కదా, అది నీలం, గులాబీ, పచ్చ. ఫెల్డ్‌స్పార్ గింజల మీద నలుపూ తెలుపూ చారలు. స్లైడు తిప్పుతుంటే ఒక గింజ ఆరిపోతుంది, పక్కది వెలుగుతుంది. బయటికి చూస్తే దారిలో తన్నుకుంటూ పోయే రాయి. టైలరాంటీని పిలిచి చూపించా. "ఈ డిజైన్‌లో చీరొస్తే ఎంతైనా కొనేస్తా" అంది.

కానీ నా పలుగు పసుపుగానే ఉంది. భయంతో ముందే ఆపేశా. అలాగే పంపేశా. అత్త నుంచి చీటీ వచ్చింది, చూసి రాస్తున్నా. "అన్నయ్యా, నిద్రలో అరగదీశావా? కళ్ళజోడు మార్చు. అయినా పని జరిగింది. ఇక్కడ కింద కరిగిన రాయి పైకి ఎగదన్ని పాత సున్నపురాయిలోకి దూరింది. సున్నపురాయి చల్లగా ఉంటుంది కదా, దాన్ని తగిలిన అంచున గబుక్కున గడ్డకట్టింది. అక్కడ గింజలు కంటికి ఆనవు. లోపలికి పోయేకొద్దీ నెమ్మదిగా చల్లారింది, గింజలు బఠాణీలంత ఉన్నాయి. రెండు రాళ్ళూ ఒకదాన్నొకటి తాకిన గీత ఇంకా తగల్లేదు. అది దొరికితే ఆ వేడికి సున్నపురాయి ఏమైందో, ఎంతదాకా మారిందో తెలుస్తుంది."

నువ్వు చదవాలని రాశా. అత్త రాళ్ళ గురించి రాస్తే ఎవరో మనుషుల గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు ఇంకో మాట. తిట్టకు. నీ ఇంకో కారణం నాకు తెలిసింది. నేను చాటునుంచి వినలేదు, ఆంటీయే చెప్పింది. మీ నాన్న పెళ్ళికి ముందు రాళ్ళ యార్డులో బండలు కోసేవాడు, సాయంత్రం ఇంటికొస్తుంటే పిండిమరలోంచి లేచొచ్చినట్టు ఉండేవాడు, కనుబొమ్మలు కూడా తెల్లగా, అంది. అప్పుడు అత్త కాలేజీలో చదువుతోందట, ఫీజులు ఆ డబ్బుతోనేనట. తాతయ్య లేడట అప్పటికే.

అటకమీద అత్త పాత టెక్స్ట్‌బుక్ తీసి చూశా. వానకి, గాలికి రాయిలో ఉన్నవన్నీ మెల్లగా మట్టైపోతాయట. పలుగు ఒక్కటీ అవదట. దాన్ని ఏదీ కరిగించలేదట. అందుకే బీచ్‌లో ఇసుకంతా అదేనట. ఊపిరితిత్తుల్లో కూడా అంతేనా నాన్నా? ఒకసారి లోపలికి పోతే ఇంక పోదా?

ఆదివారం ఆంటీతో వచ్చినప్పుడు నువ్వు నిద్రపోతున్నావు. లేపబుద్ధి కాలేదు. నీ దుప్పటి సర్ది వెళ్ళిపోయా.

నీ పిల్లి


జూలై 23

పిల్లికి,

వస్తే లేపాలి. నిద్ర ఎప్పుడైనా పోవచ్చు.

టైలరమ్మకి సూదిలో దారం ఎక్కించడం వచ్చు గానీ నోటికి కుట్టు వెయ్యడం రాదు. సరే, తెలిసింది కాబట్టి నా నోటితో విను. అవును. యార్డులో పొడిగానే కోసేవాళ్ళం. నీళ్ళు పోస్తే పని ఆలస్యం అవుతుందని ఓనరు గొడవ. మూతికి తువ్వాలు చుట్టుకునేవాళ్ళం. మధ్యాహ్నానికి ఆ తువ్వాలు అట్టలా బిగుసుకుపోయేది. ఆ దుమ్ము ఇలా లోపల కూర్చుంటుందని అప్పుడు ఎవడికీ తెలీదు. తెలిసినా నేను చేసేవాణ్ణే అనుకుంటా. నాకు రాళ్ళు ఇష్టం, చదువు మాత్రం ఎక్కలేదు. మీ అత్తకి రెండూ ఉన్నాయి. అది రోజూ సాయంత్రం నేర్చుకున్నది నాకు చెప్పేది, నేను అన్నం తింటూ వినేవాణ్ణి. ఆ రోజులు నాకు బాగుండేవి. ఎవడో త్యాగం చేసినట్టు నువ్వు మొహం పెట్టకు.

ఇప్పుడు మీ అత్త సంగతి ఆలోచించు. ప్రపంచంలో అందరికన్నా దానికే బాగా తెలుసు, పలుగు పొడి ఏం చేస్తుందో, ఎన్నేళ్ళు పడుతుందో. జబ్బు పేరు చెబితే చాలు, లెక్క కట్టేస్తుంది. కట్టాక ఇంక దాని చదువు దానికి చేదైపోతుంది. రాయి ముట్టుకున్నప్పుడల్లా నేను గుర్తొస్తా. నాకు మిగిలిందల్లా అది రాళ్ళని చూసి సంతోషపడటమే. అది కూడా పాడుచెయ్యమంటావా?

నెలాఖరు దాటాక దానికి సెలవు ఉంది, ఇంటికొస్తుంది. ఆ ఒక్కరోజుకి నన్ను ఇంటికి పంపమని డాక్టర్ కాళ్ళు పట్టుకుంటా. కుర్చీలో కూర్చుని ఉంటా. జలుబు అని చెబుదాం. ఒక్కసారి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ రంధ్రం కథంతా వినాలని ఉంది. రోజూ అదే అనుకుంటున్నా ఇక్కడ.

మాస్కు వేసుకుంటున్నావా? నిజం చెప్పు.

నాన్న


ఆగస్టు 1

నాన్నా,

నేను ఘోరం చేశాను. ఎలా చెప్పాలో తెలీట్లేదు, చెప్పకుండా ఉండాలని కూడా అనిపించింది.

ఆ గీత దొరికింది. అత్త చీటీ నిండా ఆశ్చర్యార్థకాలే. "అన్నయ్యా!!! రెండు రాళ్ళూ కలిసిన చోటు! చుట్టుపక్కలంతా డ్రిల్లు కింద నుగ్గునుగ్గు అయింది. ఈ ఒక్క ముక్కే బతికింది, బొటనవేలి గోరంత. ఒకపక్క కరిగి గడ్డకట్టిన గ్రానైట్, ఒకపక్క వేడికి పాలరాయిగా మారిన సున్నపురాయి, మధ్యలో గార్నెట్ గింజలు ఎర్రగా. ఒక్క స్లైడుకే సరిపోతుంది. అందుకే నీ చేతికిస్తున్నా. అది నాకు అందాక సెలవు పెట్టేసి వచ్చేస్తా, ఇద్దరం కలిసి చూద్దాం."

చాలా జాగ్రత్తగా చేశా. నువ్వు చెప్పినట్టే చేశా. ఒక అంచున పలుగు బూడిదరంగులోకి వచ్చింది, రెండో అంచున ఇంకా పసుపు. ఒకవైపు ఎక్కువ నొక్కుతున్నానన్నమాట. పసుపు వైపు సరిచేద్దామని ఇంకొంచెం తిప్పా. ఇంకొంచెం. తీసి చూస్తే పసుపు పోయింది. ముందే బూడిదరంగు వచ్చిన అంచున గాజు ఉంది. ఉత్త గాజు. ఆ గీత ఉన్నది ఆ అంచునే.

నీళ్ళలో, పౌడర్లో, బురదలో వెతికా. ఏం దొరుకుతుంది నాన్నా? వెంట్రుకలో సగం. బేసిన్‌లో బూడిదరంగు నీళ్ళు, అంతే. భూమి అడుగున ఎన్ని కోట్ల ఏళ్ళు ఉందో అది.

ఆంటీకి చెప్పలేదు. అన్నం తిన్నానని చెప్పా, తినలేదు. ట్రక్ తాత గురువారం వస్తాడు. నేనేం పంపను? ఏం రాయను? త్వరగా చెప్పు.

పిల్లి


ఆగస్టు 4

పిల్లికి,

ముందు అన్నం తిను.

ఆ పనిలో చెయ్యి పెట్టిన ప్రతివాడూ అలా ఒకటి పోగొట్టినవాడే. నేను మొదటి ఏడాది ఒక పెద్ద సారు రాయి పోగొట్టా, ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. పసుపు వైపు వెంటపడకూడదు, అక్కడే ఆపేసి వదిలెయ్యాలి. ఆ మాట నీకు నేనే చెప్పలేదు. తప్పు నాది. ఏడవకు. ఏడుస్తూ రంపం దగ్గరికి అసలు పోకు.

ఇందులో మీ అత్తకి ఒక చీటీ పెట్టా, నా చేత్తో రాసింది. కొక్కిరిబిక్కిరిగా ఉంది గానీ నా రాతే అని గుర్తుపడుతుంది. చెయ్యి జారింది, నా వల్లే పోయింది, క్షమించు, నువ్వు మాత్రం సెలవుకి రా అని రాశా. స్లైడుతోపాటు అదే పంపు. నువ్వు ఒక్క ముక్క కూడా కలపకు.

కోపం వస్తుంది దానికి. వచ్చాక తిడుతుంది. తిట్టనీ. ఎదురుగా కూర్చుని తిడితే నాకు పండగే.

మాస్టారు నాకు రోజూ అరమార్కు పెంచుతున్నాడు. నిన్న కిటికీ దాకా నడిచా.

నాన్న


ఆగస్టు 14

నాన్నా,

అత్త రాసింది మొత్తం ఉన్నదున్నట్టు రాస్తున్నా. నాకు రాయబుద్ధి కావట్లేదు. కానీ నువ్వు అడుగుతావు, నేను మార్చి రాస్తే నీకు తెలిసిపోతుంది.

"అన్నయ్యా, స్లైడూ చీటీ అందాయి. రాయి పోయినందుకు ఏడ్చాను. అది అయిపోయింది. రెండోదాని గురించే రాస్తున్నా. నీ స్లైడ్లు ఇన్నేళ్ళుగా చూస్తున్నా. నువ్వు నొక్కితే పలచబడేది కుడి అంచు, అదీ పిసరంత. ఈమధ్య వచ్చిన ప్రతి స్లైడూ ఎడమ అంచున పలచగా ఉంది, ఇదీ అంతే. ఇది నీ చెయ్యి కాదు. ఎవరో ఎడంచేతివాణ్ణి పెట్టుకున్నావు. పెట్టుకో, తప్పు లేదు. కానీ నేను బతిమాలి నీ చేతికే ఇచ్చిన ముక్క కూడా వాడి చేతిలో పడేశావు. పోయాక నా చెయ్యి జారిందని అబద్ధం రాశావు. నా మీద నీకు ఏం కోపమో తెలీదు. పట్నంలో ఉన్నప్పుడు ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదని ట్రక్ తాత చెప్పాడు. వస్తే ఎప్పుడూ స్నానమట. నా మొహం చూడటం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పు. ఇంతకుముందు నువ్వు నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. సెలవు రద్దు చేసుకున్నా. ఇంటికి రాను. స్లైడ్లు ఇంకో చోట చేయించుకుంటా."

నేను ఎడంచేతిదాన్నని అత్తకి తెలుసు నాన్నా. కానీ నువ్వు నన్ను ఆ షెడ్డులోకి పంపుతావని ఆవిడ కలలో కూడా అనుకోదు.

చెప్పేస్తా. ప్లీజ్. యార్డు సంగతి చెప్పను, ఒట్టు. ఆస్పత్రిలో ఉన్నావని మాత్రం చెబుతా. లేకపోతే ఆవిడ రాదు. నిజంగానే రాదు. ఆవిడ పట్టుదల నీదే.

సరే అని ఒక్క ముక్క రాయి.

పిల్లి


ఆగస్టు 18

పిల్లికి,

ఇది మాస్టారు రాస్తున్నారు, నేను చెబుతున్నా. చెయ్యి వణుకుతోంది, అంతే, కంగారు పడకు.

చెప్పొద్దు. కోపంతో ఉంటే పని బాగా చేస్తుంది. రాకపోతే మంచిదే, జలుబు నాటకం తప్పింది. ఇంకో ఏడాది పోతే కోపం అదే చల్లారుతుంది. నువ్వు ఇంక షెడ్డుకి తాళం వేసి స్కూలు చదువు చూసుకో. ఒట్టు పెట్టావు, గుర్తుంచుకో.

నాన్న

అమ్మా, ఈ కింద రాసేది ఆయన చెప్పింది కాదు. నీ ఉత్తరం చదివిన దగ్గరనుంచీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆక్సిజన్ పెట్టారు, ఇప్పుడు రోజంతా ఉంటోంది. "రాకపోతే మంచిదే" అన్న వాక్యం చెప్పడానికి మూడుసార్లు ఆగాడు. నేను ముప్పై ఏళ్ళు పిల్లల్ని వరసలో నిలబెట్టినవాణ్ణి, ఎవడు నిజంగా ధైర్యంగా నిలబడ్డాడో ఎవడు బిగపట్టుకుని నిలబడ్డాడో నాకు తెలుస్తుంది. వచ్చే ఏడాది సంగతి ఈ వార్డులో ఎవరం మాట్లాడుకోం తల్లీ. ఆపైన నీ ఇష్టం. - మాస్టారు


ఆగస్టు 21

నాన్నా,

తాత వచ్చాడు. "ఏమ్మా, స్నానమేనా?" అన్నాడు.

కాదన్నా. ఆస్పత్రి, వార్డు, మంచం ఎక్కడుందో అన్నీ చెప్పేశా. ఇన్నాళ్ళూ స్లైడ్లు చేసింది నేనే అని చెప్పా. నా ఎడంచెయ్యి చాపి చూపించా, అదేదో సాక్ష్యం అయినట్టు. ఆయన అక్కడే మెట్లమీద కూర్చుండిపోయాడు. మిగిలిన రాతి కడ్డీలు తీసుకుపోదామని వచ్చాడట, వాటిని ముట్టనే లేదు. "మంచినీళ్ళివ్వమ్మా" అని తాగి, ఖాళీ ట్రక్ వేసుకుని కొండమీదకి వెనక్కి పోయాడు.

యార్డు మాట ఎత్తలేదు. అంతవరకు ఒట్టు నిలబెట్టుకున్నా.

తిట్టు.

పిల్లి


ఆగస్టు 27

పిల్లికి,

ఇది కూడా మాస్టారి చేతిరాతే. ఈసారి ఏమీ కలపనని మాటిచ్చారు.

తిట్టాలనే మొదలుపెట్టా. ఆగిపోయా. మీ అత్త వచ్చింది. బూట్లకి ఇంకా కొండ మట్టి ఉంది. నర్సు లోపలికి రానివ్వలేదు, బయట విప్పి సాక్సులతో వచ్చింది. నన్ను చూసింది. మంచం కింద ఉన్న ఎక్స్‌రే తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి పట్టింది. స్లైడు చూసినట్టు చూసింది, చాలాసేపు. నేను దాని వీపు చూస్తూ పడుకున్నా.

తర్వాత వచ్చి కూర్చుంది. "ఏ రాయి దుమ్ము అన్నయ్యా ఇది?" అంది.

అదే. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఆ ఒక్క ప్రశ్నకే. "షెడ్డుదే" అన్నా. "ఈమధ్య నీళ్ళ పైపు పాడైంది, బద్ధకించి పొడిగా కోశా కొన్నాళ్ళు." "అలాగా" అంది. ఇంకేం అడగలేదు. నా జుట్టు దువ్వింది. రంధ్రం కథ చెప్పింది, నేను విన్నా. గార్నెట్ల దగ్గరికి వచ్చేసరికి నిద్రపట్టేసింది నాకు, పూర్తిగా వినలేదు. లేచేసరికి విజిటర్ల టైమ్ అయిపోయి వెళ్ళిపోయింది.

నమ్మింది. నిన్ను చూడటానికి ఇంటికొస్తుంది. అడుగుతుంది. నువ్వూ అదే చెప్పు. షెడ్డు. పైపు. ఇదే నేను నిన్ను అడిగే చివరి సాయం అనుకో.

నాన్న


ఆగస్టు 30

నాన్నా,

అత్త ఇక్కడే ఉంది. నీ మంచం మీద పడుకుంటోంది. రాగానే నా రెండు చేతులూ పట్టుకుని చూసింది, గోళ్ళ కింద పౌడర్ ఇంకా ఉందిగా. "నువ్వు చేసినవి బాగున్నాయే" అంది. నా వల్ల రాయి పోయిందన్నా. "రాయి కోసం మళ్ళీ తవ్వుకోవచ్చు" అంది. నేను అప్పుడు ఏడ్చా, ఇన్నాళ్ళదీ.

తర్వాత షెడ్డు తాళం తీయమంది. ఒక్కతే లోపలికి వెళ్ళింది. నేను కిటికీలోంచి చూశా. అరల మీద వేలు రాసి చూసుకుంది. రంపం వెనక్కి వంగి చూసింది. నీళ్ళు పోయే గొట్టం దగ్గర కూర్చుని బురద చేత్తో తీసింది. ఎక్కడా పొడి దుమ్ము లేదు నాన్నా. నువ్వు ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా అక్కడ పొడిగా కొయ్యలేదు. ఆ దుమ్ము తుడిచినా పోయేది కాదు, కోసి ఉంటే ఏ మూలో కనిపించేది. ఆవిడ నల్లా తిప్పింది. పైపు ఒకే ఊపున నీళ్ళు పోసింది, పాడైన పైపులా లేదు.

బయటికొచ్చి అడిగింది. "ఏ రాయి దుమ్మే అది?"

నేను నువ్వు చెప్పినట్టే చెప్పా. షెడ్డు. పైపు. 

"సరే. నేను నమ్మానని మీ నాన్నకి రాయి" అంది.

అని వంటింట్లోకి వెళ్ళి, టైలరాంటీ కడిగి బోర్లించిన గిన్నెలన్నీ మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర నిలబడ్డా. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడ నావైపు చూడకుండా అంది. "సాయంత్రం మీ నాన్న వచ్చి గుమ్మంలో తల దులుపుకునేవాడు. నా నోట్సుల మీద పడుతోందని విసుక్కునేదాన్ని. బయట దులుపుకోలేవా అని అరిచేదాన్ని. రోజూ బయట దులుపుకుని వచ్చేవాడు తర్వాత."

నేను దగ్గరికెళ్ళా. ఆవిడ చేతిలో గ్లాసు తీసుకుని తుడిచా.

ఆ ఎక్స్‌రే చూసిన వెంటనే ఆవిడకి తెలిసిపోయింది నాన్నా. కిటికీ దగ్గర నిలబడ్డప్పుడే. ఏ రాయి అని అడిగింది తెలుసుకోవడానికి కాదు. నువ్వే చెబుతావని అడిగింది. షెడ్డుకొచ్చి వెతికింది కూడా, నువ్వు చెప్పింది నిజమైపోతే బాగుండని.

నమ్మిందని రాస్తానన్నా ఆవిడతో. రాయట్లేదు. ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టి ఒకరికొకరు అబద్ధాలు మోయిస్తున్నారు. నాకు భయమేస్తోంది, ఎప్పటికన్నా ఎక్కువ భయమేస్తోంది, ఇలాగే అయిపోతుందేమోనని. ఆవిడ నమ్మినట్టు కూర్చుంటుంది, నువ్వు నమ్మించినట్టు పడుకుంటావు, టైమ్ అయిపోతుంది, నర్సు వచ్చి పంపేస్తుంది. ఆ తర్వాత ఆవిడ ఎవరితో చెప్పుకుంటుంది? నేను చాలను నాన్నా.

రాళ్ళంటే ఆవిడకి ఇష్టం పోతుందన్నావు. పోతుందేమో. నాకు తెలీదు. కానీ ఆ సాయంత్రాలు నీకు బాగుండేవని నాకు రాశావు చూడు, నువ్వు అన్నం తింటూ వినేవాడివని. ఆ సంగతి ఆవిడకి తెలీదు. ఆవిడకి నోట్సుల మీద దుమ్మే గుర్తుంది. అది నేను చెప్పొచ్చు, కానీ నేను చెబితే నేను చెప్పినట్టే ఉంటుంది.

రేపు ఆదివారం. పొద్దున బస్సుకి వస్తున్నాం. ఇది పోస్టులో వెయ్యట్లేదు, ముందు నేను ఒక్కదాన్నే లోపలికొచ్చి ఇస్తా. నువ్వు చదివేదాకా పక్కన ఉంటా. మాస్టారిని అటు తిరిగి పడుకోమని నువ్వే చెప్పు. తర్వాత అత్తని పంపి, వరండాలో బెంచీ మీద కూర్చుంటా.

తలుపు దగ్గరికి రాను. మీరు ఏం మాట్లాడుకున్నా వినను.

పిల్లి